కోటయ్య బావ కుర్చీ

"తాతయ్యా, మా తాత పోయి ఏడాది అయింది. ఆ సలహాదారు కుర్చీలో నువ్వు కూర్చుంటే బాగుంటుందని ఆఫీసులో అందరూ అంటున్నారు. మూడుసార్లు కబురు పెట్టినా రానన్నావంట. ఎందుకని?"

ఎందుకంటే... ముందు ఆ ఫోను తీసి బల్ల మీద పెట్టమ్మా, వల తడిగా ఉంది. రికార్డు అవుతుందా? అవనీ. నువ్వు కోటయ్య మనవరాలివి, రాంబాబు కూతురివి, ఇప్పుడు నల్లకోటు వేసుకుని ఆ ఆఫీసులోనే పనిలో చేరావు. నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాను.

మీ తాతంటే నాకు కుళ్ళు. అదీ సంగతి. నవ్వకు. ఇద్దరం ఈ గిలకలదిండిలోనే పుట్టాం, వరసకి బావలం, ఒకే నావ మీద పదేళ్ళు తిరిగాం. నేను తెడ్డు పట్టే నాటికి వాడికి ఈత కూడా సరిగ్గా రాదు. అలాంటోణ్ణి ఆ మానవ హక్కుల వాళ్ళు వచ్చి, "కోటయ్య గారూ, మీరు మా సలహా మండలిలో ఉండాలి" అన్నారు. గారు అంట. డెబ్భై ఏళ్ళొచ్చినా నన్ను ఒక్కడూ గారు అనలా. బ్యాంకులో కూడా "ఏయ్ పెద్దాయనా, లైన్లో నిలబడు" అంటారు.

ఆ మండలి ఏంటో నీకు నేను చెప్పాలా, నీకే బాగా తెలుసు. అయినా రికార్డు అవుతుందన్నావుగా, చెప్తాను. పొరపాటున సముద్రంలో సరిహద్దు గీత దాటారని పరాయి దేశం వాళ్ళు పట్టుకుపోయిన మన చేపలోళ్ళ తరఫున, ఆ దేశాల చట్టం, సముద్రం మీద అన్ని దేశాలూ రాసుకున్న చట్టం, ఇవన్నీ చూసే సంస్థ. వాళ్ళకి దారి చెప్పడానికి ఓ రిటైర్డు జడ్జీ గారు, విశాఖపట్నం నుంచి సముద్ర చట్టాలు చదివిన ప్రొఫెసరు గారు, జైళ్ళలో ఖైదీల ఆరోగ్యం చూసిన డాక్టరమ్మ గారు. ముగ్గురూ మహా చదువులోళ్ళు. నాలుగో కుర్చీలో మీ తాత. కోనేరు సెంటరు దగ్గర మేడ మీద మీటింగు. ఒక్కొక్కళ్ళ ముందు పేరు రాసిన అట్టముక్క, ఓ నీళ్ళ సీసా. ఆ సీసా తాగకుండా ఇంటికి తెచ్చి నాకు చూపించేవాడమ్మా. చల్లగా ఉందా బావా అని నా చెంపకి ఆనించేవాడు. మా ఆవిడేమో, "పోనీ నువ్వూ ఓ సీసా కొనుక్కో" అని ఎగతాళి. నాకు వారం రోజులు అన్నం సయించలా.

ఆఁ, ఎక్కడున్నాను. ఆ రాళ్ళ చోటు. అది చెప్పాలి ముందు.

మేం కుర్రోళ్ళప్పుడు, చాయి పావలా రోజుల్లో... కాదు, అర్ధ అనుకుంటా, పావలా అంతకు ముందు. సరే ఏదో ఒకటి. పెద్ద బోటు మీద ఉత్తరానికి వేటకెళ్ళినప్పుడు నేనో చోటు పట్టాను. అక్కడంతా అడుగు బురదే. సీసం గుండు కట్టి తాడు దింపితే గుండుకి మెత్తటి నల్ల బురద అంటుకుని వస్తది. ఒక్కచోట మాత్రం గుండు ఠంగుమంది. రాయి. రాళ్ళుంటే చేప ఉంటది, నీకు తెలిసిందే. గీతకి ఇవతల, మనవైపే. దాటి అవతలికి పోతే మళ్ళీ బురదే, ఎంత దూరం పోయినా. ఆ రాళ్ళ మధ్య బతికే చేప బురదలో దొరకదు. ఆ చోటు మీ తాతకొక్కడికే చూపించాను. నీళ్ళలో చెయ్యి పెట్టించి గంగమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను, నేను చెప్పమనేదాకా ఎవరికీ చెప్పనని. మనలో చోటు చెప్పడమనేది లేదు గదా. అన్న వచ్చి ఎక్కడ వేశావురా వల అంటే తమ్ముడు తూర్పు చూపిస్తాడు, వేసింది ఉత్తరాన.

ఇప్పుడు జీపీయస్ మిషన్లొచ్చినా అదే బుద్ధి. ఇంకో బోటు దగ్గరకొస్తుందంటే చాలు, డ్రైవరు ముందుగా మిషన్లో దాచుకున్న వేట చోట్ల పాయింట్లు చెరిపేస్తాడు, ఎవడైనా ఎక్కి చూస్తాడేమోనని. మీ నాన్న చేసింది అదే. దూరంగా ఏదో బోటు కనపడింది, మనోళ్ళేలే అనుకున్నాడు, చేతికున్న అలవాటు, చెరిపేశాడు. తీరా చూస్తే అవతలి దేశం గస్తీ బోటు. ఏడుగురినీ పట్టుకుపోయారు. నువ్వప్పుడు పదో తరగతి.

మేం మా వైపే ఉన్నాం అని మీ నాన్న మొత్తుకుంటే, మరి పాయింట్లు ఎందుకు చెరిపావు, దొంగవి కాబట్టే అన్నారు వాళ్ళు. ఇక్కడ మేడ మీద జడ్జీ గారిదీ అదే ప్రశ్న. తప్పు చేయనోడు సాక్ష్యం ఎందుకు చెరుపుకుంటాడండీ అని. పాపం ఆయనకేం తెలుసు. వాళ్ళు పట్టుకున్నప్పుడు బోటులో ఏ చేప ఎంతుందో రాసుకున్న జాబితా మాత్రం ప్రొఫెసరు గారు తెప్పించారు. ఆయన చదువుతుంటే అందులో మన రాతి చేప పేరు వినపడింది మీ తాతకి.

అర్థమైందా. వాళ్ళ కాగితంలోనే మన సాక్ష్యం ఉంది. ఆ చేప ఉందంటే బోటు రాళ్ళ మీద ఉంది. రాళ్ళు ఇవతలే ఉన్నాయి. ఈ మాట చెప్పగలిగినోళ్ళు, జైల్లో ఉన్న మీ నాన్న కాక, భూమ్మీద ఇద్దరే, మీ తాతా, నేనూ. అంత చదివినోళ్ళు ముగ్గురు కూర్చున్నా ఆ ముక్క వాళ్ళకెలా తెలుస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు నా దగ్గరకి. ఇదిగో, ఇక్కడే, ఈ వల బాగుచేసుకుంటున్నాను. వచ్చి ఇసకలో చతికిలబడ్డాడు. "బావా, తప్పు చేశాను. ఆ చోటు రాంబాబుకి చెప్పాను. ఒట్టు తప్పినందుకే గంగమ్మ నా కొడుకుని అక్కడ కూర్చోబెట్టింది. రెండోసారి తప్పితే వాణ్ణి ఇక పంపదు. నువ్వు చెప్పమను, మీటింగులో చెప్తాను" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? ఆలోచించి చెప్తాలే అన్నాను.

రెండు నెలలు ఆలోచించానమ్మా.

ఏం ఆలోచించాను? ఏమీ లేదు. నా చోటు, నేను పట్టిన చోటు, నా గుండు తగిలిన రాయి. అది తీసుకెళ్ళి వాడు ఆ సీసాలు పెట్టిన బల్ల దగ్గర చెప్తాడు. వాళ్ళంతా భలే చెప్పారు కోటయ్య గారూ అంటారు. పేపర్లో ఫోటో పడతది. నన్నెవడూ ఏమీ అడగడు. ఇదే తిప్పి తిప్పి అనుకున్నాను. వాడు రోజూ పొద్దున నా గుమ్మం ముందు నుంచి నడిచెళ్ళేవాడు, తల తిప్పి చూసేవాడు. నేను వల కేసి చూసేవాణ్ణి. నిజం చెప్తున్నా, వాడలా అడుక్కుంటున్నట్టు చూస్తుంటే లోపల హాయిగా ఉండేది. మీ అమ్మ అక్కడ కుళాయి దగ్గర బిందె పెట్టి ఏడ్చేది. అదీ కనపడేది. అయినా వల కేసే చూశాను.

తర్వాత నీ రిజల్ట్సు వచ్చాయి. గుర్తుందా, బందరు లడ్డూ తెచ్చావు మా ఇంటికి, చిన్న పొట్లంలో. "ఒక్కొక్కటే తాతయ్యా, నాన్న వచ్చాక అందరికీ మళ్ళీ పంచుతాను" అన్నావు. నోట్లో పెట్టుకున్నాను. నువ్వు వెళ్ళేదాకా అలా బుగ్గలో ఉంచుకుని, లేచి నేరుగా మీ ఇంటికెళ్ళాను. మీ తాత గడ్డం గీసుకుంటున్నాడు. చెప్పెయ్ బావా అన్నాను. సగం గడ్డంతోనే ఆటో ఎక్కాడు.

మిగతాది నీకు తెలుసు. ప్రొఫెసరు గారు అడుగు నేల మ్యాపు తెప్పించారు, మన రాళ్ళు అందులో ఉన్నాయి. ఆ చేప సంగతి, పాయింట్లు చెరిపే అలవాటు సంగతి, అన్నీ చట్టం భాషలో రాసి పంపించారు. నెల తిరక్కుండా ఏడుగురూ ఒడ్డున దిగారు. మీ తాతకి శాలువా కప్పారు. నేను ఫోటోలో వెనక నిలబడ్డాను, సగం చెవి పడింది.

అసలు చెప్పాల్సింది ఇది. జడ్జీ గారు మీ తాతని గట్టిగా అడిగారంట, ఇంత ముఖ్యమైన మాట రెండు నెలలు ఎందుకు దాచారు, లోపల మనుషులున్నారు గదా అని. అందరి ముందూ. మీ తాత ఏమన్నాడంటే, "మర్చిపోయానండీ, ముసలాణ్ణి" అన్నాడంట. అంతే. నా పేరు ఎత్తలా. ఇంటికొచ్చి మీ నాయనమ్మకి కూడా చెప్పలా, చచ్చేదాకా చెప్పలా. ఆ రోజు పుట్టిన కుళ్ళు ఉంది చూడు, అది సీసాకీ శాలువాకీ పుట్టినదానికంటే పెద్దది. అంత తేలిగ్గా ఎలా మంచోడైపోయాడమ్మా వాడు? నాకెందుకు చేతకాలేదు? ఇప్పటికీ ఉంది. వాడు పోయినా ఉంది.

మీ నాన్న ఆ జైల్లో ఎండలకి జబ్బుపడ్డాడే, ఇప్పటికీ దగ్గుతున్నాడే, అది నేను ఆలోచించిన ఆ రెండు నెలల్లో పట్టుకున్న దగ్గు. ఆ దగ్గు నాది. పొద్దున్నే మీ ఇంట్లోంచి వినపడుతూ ఉంటది.

ఆ కుర్చీలో కూర్చుంటే నాకెదురుగా ఎవరో ఒకరి పెళ్ళాం వచ్చి, మా ఆయన్ని విడిపించండి బాబయ్యా అని దణ్ణం పెడతది. నేను ఏ మొహం పెట్టుకుని చూడను?

ఏంటీ, ఆపేస్తున్నావా? ఆపకు. ఏడవకమ్మా. తిట్టాలనుంటే తిట్టు, అదీ రికార్డవుతది. ఇది తీసుకెళ్ళి ఆ ముగ్గురికీ వినిపించు. రాళ్ళ చోట్లు ఇంకా నాలుగున్నాయి నాకు తెలిసినవి, అన్నీ గీతకి ఇవతలే, నువ్వు రాసుకో, ఇవాళే చెప్తాను. రేపు ఎవడి పిల్లోడైనా చిక్కితే నీకు పనికొస్తాయి. కుర్చీ సంగతి తర్వాత, వాళ్ళు విన్నాక కూడా రమ్మంటే అప్పుడు చూద్దాం.

కానీ ముందు మీ నాన్నకి వినిపించు. ఇంట్లోనే ఉన్నాడుగా, ఇప్పుడే వెళ్ళు. నేనిక్కడే కూర్చుంటాను. వస్తే వస్తాడు, రాకపోతే... సరే, వెళ్ళిరా తల్లీ. మీ తాత బుద్ధే రావాలి నీకు. నాది రాకూడదు.