సన్నగీత కొట్టే గన్ను

"అది గాదమ్మా, దాని పక్కది. నల్ల డబ్బలున్నది."

"అది ఖరీదుది అంకుల్. ముందుగాల ఇది చూడుండ్రి. నేర్చుకునేటోళ్లకు ఇది చాలు."

"నేర్చుకునేటోళ్లకు గాదు."

నారాయణగూడ చౌరస్తాకు నాలుగడుగుల అవతల, బొమ్మ విమానాలూ ఓడలూ వాటి రంగులూ, ఆ రంగులు చల్లే చిన్న గన్నులూ అమ్మే ఇరుకు దుకాణం అది. గల్లా వెనుక స్వర్ణ. ఇవతల ముత్యాలు, ముప్పై ఏళ్లుగా అపార్ట్‌మెంట్ల గోడలకు రంగులు కొడుతున్న మనిషి. జీవితంలో మొదటిసారి బేరం చేయడం మరిచిపోయి నిలబడ్డాడు.

"మరెవరికి అంకుల్?"

"మా పిల్లగానికి."

"ఏం చేస్తడు?"

"గ్రూప్స్‌కు చదువుతడు. ఉండుడు మాతోనే, అంబర్‌పేట్‌ల. పొద్దంత అశోక్‌నగర్‌ల రీడింగ్ రూముల ఉంటడు."

"చదువుతడా, బొమ్మలు చేస్తడా?"

"రెండూ. రెండూ చేస్తడు."

"ఇప్పుడేం చేస్తుండు?"

"విమానం. పాతకాలంది. రెక్క మీద రెక్క ఉంటది చూడు, అసొంటిది. అతికిచ్చుడు అయిపోయింది. రంగే మిగిలింది. ఆ రెండు రెక్కల నడుమ సందుల పడాలె రంగు. ఈ చౌకది కొడ్తే పడుతదా?"

"పడుతది. కాకపోతే జర చుక్కలు చుక్కలు..."

"ఉమ్ముతది."

"ఆఁ?"

"గన్ను ఉమ్ముతది అంటం మేము. సూది వంకరున్నా, మూతి సక్కగ లేకున్నా, రంగు గాలితోని కలువక తుప్పతుప్ప ఉమ్ముతది. గోడకైతే ఇంకో కోటు కొట్టి కప్పేస్తం. అంత చిన్న రెక్క మీద ఏం కప్పుతవ్?"

"మీకు మస్తు ఎరుకున్నది అంకుల్! పెయింటరా మీరు?"

"గోడలకు. గోడలకేనమ్మా."

"ఆగుండ్రి, రెండింట్ల నీళ్లు పోసిస్త. ఈ కాయితం మీద కొట్టి చూడుండ్రి, మీకే తెలుస్తది."

"వద్దు వద్దు. నేను ముట్టను."

"కొనేటిది ముట్టకుంటెట్ల?"

"ఓసారి ముట్టినందుకే..."

"ఏమైంది?"

"ఏం గాలే. నువ్వే చెప్పు. ఖరీదుది పక్కా మంచిదేనా? సన్నగీత కొడ్తదా?"

"వెంట్రుకంత సన్నగ కొడ్తది. కని పద్దెనిమిది వేలు అంకుల్. ఇదైతే పదిహేను వందలు."

"రేటు అడగలే. తప్పు పోవద్దు, గంతే. రేపు పొద్దుగాలకు కావాలె. మల్లొచ్చి మార్చుకపోత అంటే కుదరదు నాకు."

"రేపు పుట్టినరోజా?"

"గట్లాంటిదే."

"చూడుండ్రి, నేను అమ్ముకునేదాన్నే, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. ఖరీదుదానికి చాకిరి మస్తు. కొట్టినంక వెంటనే సూది తీసి కడగాలె. ఒక్క రాత్రి రంగు ఎండితే పట్టేస్తది. మీ పిల్లగాడు రోజు కడుగుతడా?"

"రోజు... రోజు ఎట్ల కడుగుతడు?"

"అట్లయితే చౌకదే తీసుకోండ్రి. ఖరాబైనా బాధుండదు. ఎన్ని దినాలు వాడుతడో చూసి, అప్పుడు..."

"ఒక్కదినం."

"ఒక్కదినానికి పద్దెనిమిది వేలా! అంకుల్, నా మాట ఇనుండ్రి..."

"చౌకది వద్దంటున్న గదమ్మా! పోయినేడు చౌకదే తెచ్చిచ్చిన. కోఠీల, ఫుట్‌పాత్ మీద. ఎయిర్‌బ్రష్ కావాలె బాపు, మంచిది కావాలె అంటే, అన్ని గన్నులు ఒక్కటే పో అన్న. అది ఉమ్మింది. వాడు నన్నొక్క మాట అనలే. సూది తీసుడు, కడుగుడు, పెట్టుడు, మల్ల తీసుడు. నేను చూసి చూసి, గన్నుది తప్పు గాదు, రంగు దట్టమైందనుకున్న. ఆనాడు వాడు పరీక్ష రాయవోయిండు. వచ్చేసరికి అప్పటి విమానానికి రంగు కొట్టి తయారు పెడ్దామని, నా పని డబ్బల థిన్నర్ తీసి కలిపిన."

"గోడల పని థిన్నరా? ప్లాస్టిక్ మీదనా?"

"తలుపుల మీద కొడ్తం, కిటికీల మీద కొడ్తం. ముప్పై ఏండ్ల సంది కలుపుతున్న, నాకేమెరుక? నా కండ్ల ముంగటనే రెక్క బెల్లం లెక్క కరిగి కిందికి వంగింది. ఆర్నెల్లు చేసిండమ్మా దాన్ని."

"అంకుల్... మీరు కళ్యాణ్ వాళ్ల బాపా?"

"నీకెట్ల ఎరుక వాడు?"

"ఆదివారం ఆదివారం వస్తడు! ఇగో, ఈ స్టూల్ మీదనే కూసుంటడు. వచ్చిన గిరాకీకి నాకంటె ఎక్కువ వాడే చెప్తడు, ఇది కొను, అది కొనకు అని. రెండు వారాలాయె కనవడక. ఫోన్ చేస్తే స్విచాఫ్. పరీక్ష దగ్గరికొచ్చిందేమో, ఎందుకు సతాయించాలె అని ఊకున్న. ఎట్లున్నడు?"

"నల్ల డబ్బది ప్యాక్ చెయ్యి బిడ్డా."

"చేస్త. ఎట్లున్నడు కళ్యాణ్?"

"ప్యాక్ చెయ్యి."

"అంకుల్!"

"జ్వరమొచ్చింది. డెంగీ అన్నరు. నాలుగొద్దులు దవాఖానల ఉన్నడు. ఐదో దినం ఇంటికి తెచ్చుకున్నం. రేపటికి పదకొండొద్దులు."

"అయ్యో... అయ్యో, కళ్యాణా? మన కళ్యాణా? కూసోండ్రి అంకుల్. ఈ స్టూల్ మీద కూసోండ్రి ముందు."

"వాడు కూసునేదంటివి గద. వద్దు. నిలవడ్త."

"నీళ్లు తాగుండ్రి."

"వద్దు బిడ్డా. ప్యాక్ చెయ్యి. ఇంటికాడ మా ఇంటామె పెంటమ్మ ఒక్కతే ఉన్నది. చెప్పకుండ వచ్చిన."

"కని, ఇది... ఇది ఎందుకు ఇప్పుడు? ఎవరు వాడాలె?"

"మూడొద్దుల నాడు బొందలగడ్డ కాడ పిట్టకు పెడ్తరు గద, విస్తరిల. పిట్ట ముట్టితే పోయినోని మనసు నిమ్మలమైనట్టు. ముట్టకుంటే ఏదో కోరిక మిగిలినట్టు. వానికి ఇష్టమని బోటి వండింది పెంటమ్మ. రెండు గంటలు ఎండల నిలవడ్డం. గోడ మీద వరుసకు కూసున్నయి కాకులు. ఒక్కటి దిగలే."

"ఒక్కటి గూడనా?"

"ఒక్కటి గూడ. ఒక్కొక్కరు ముంగటికి పోయి మాట ఇచ్చిండ్రు. అవ్వను నేను చూసుకుంట తమ్మీ అని మా బిడ్డ రేణుక చెప్పింది. నీ పుస్తకాలు పారెయ్య కొడుకా అని పెంటమ్మ చెప్పింది. దిగలే. ఆఖరికి విస్తరి ఆవుకు పెట్టి వచ్చినం."

"మీరేం చెప్పలేదా అంకుల్?"

"నోరు రాలే. వాని కోరికేందో నాకొక్కనికే ఎరుక. రేపు మల్ల పెడ్తం. ఇది తీస్కపోయి విస్తరి పక్కన పెడ్త. ఉమ్మనిది, సన్నగీత కొట్టేది. తెచ్చిన కొడుకా, తిను, అంట. అందుకే తప్పు పోవద్దంటున్న. రేపు గూడ దిగకుంటే పెంటమ్మ బతకదు. ఇగో, పైసలు. లెక్కవెట్టుకో."

"పైసలు జేబుల పెట్టుకోండ్రి."

"ఊకె వద్దు. నా కొడుకుకు నేను కొనాలె."

"ఊకె ఇస్తలేను అంకుల్. కళ్యాణ్ ఎప్పుడో కట్టిండు దీనికి. చిక్కడపల్లిల పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంట, కొన్ని కొన్ని తెచ్చి. ఎండకాలంలనే పూరా అయిపోయినయి."

"కట్టిండా? వాడా? మరెందుకు తీస్కపోలే?"

"నేను గూడ అదే అడిగిన. ఇంకేందిరా, తీస్కపో అన్న. ఇదే మంచిదని నేనెట్ల చెప్తనక్కా అన్నడు. రెండు పక్కపక్కన పెట్టి మా బాపు చేతికియ్యాలె, ఆయన పట్టి చూసి ఏదంటే అదే తీసుకుంట అన్నడు. చౌకదంటే చౌకదే అన్నడు."

"నన్నా? థిన్నర్ పోసినోన్నా?"

"థిన్నర్ ముచ్చట చెప్పి కడుపుబ్బ నవ్విండు అంకుల్. కని నవ్వినంక అన్నడు, అప్పటిసంది బాపు నేను బొమ్మ చేసుకునే దిక్కే వస్తలేడక్కా, ఆయన చెయ్యి ఇంతకూడ వణకదు, నాకు నేర్పియ్యమని అడగాలె అని. వచ్చే ఆదివారం తీసుకొస్త, వచ్చే ఆదివారం తీసుకొస్త అనుకుంట ఐదు నెలలు..."

"అడిగిండు."

"ఆఁ?"

"ప్రతి ఆదివారం అడిగిండు. బాపు, నారాయణగూడ దాక వస్తవా, పది నిమిషాల పని అని. వాకిట్ల నిలవడి అడిగిండు. పనున్నది పో అన్న. ఓసారి హిమాయత్‌నగర్‌ల సైటున్నదని అబద్ధం చెప్పి, అంబర్‌పేట్ చౌరస్తల చాయ్ తాగుకుంట కూసున్న. వాడు బస్ ఎక్కిపోయేదాక."

"ఎందుకు అంకుల్? ఎందుకు రాలే?"

"ఖరీదుది కొనియ్యమంటడనుకున్న బిడ్డా."