ఒంటి చేత్తో మోసిన తోరా

కూర్చో జైమె, కూర్చో. పడవ కోసం ఒడ్డున ఇంతమందీ కూర్చోలేదూ? బెలేం పడవ ఎప్పుడు టైముకొచ్చింది గనక? రేవులో టికెట్లు అమ్మేవాడివి, నీకు నేను చెప్పాలా. మా ఎస్త్రెలా వదిన కాచిన తకకా పులుసు ఒక బుర్రెడు తాగు. రొయ్యలు వెయ్యకుండా తకకా కాచేది మా యూదుల ఇళ్లలోనే, అలా కాచి కూడా నాలిక తిమ్మిరెక్కించేది ఈవిడొక్కతే. ఏం వదినా, అంతేనా? చూశావా, పలకదు. పొద్దుట్నుంచీ ఇదే వరస.

ఇవాళ పడవలో వచ్చే కొత్త తోరా, మా ధర్మగ్రంథం చుట్ట, ఈవిడ రాయించిందే, పోయిన మా అన్న అబ్రాం పేరు మీద. తోలు మీద చేత్తో ఒక్కో అక్షరం, ఏడాదిన్నర పట్టింది రాసినాయనకి. దాన్ని పడవలోంచి ఎత్తుకుని మందిరం దాకా ఎవరు మొయ్యాలో కూడా ఈవిడే చెప్పాలి. ఇంకా చెప్పలేదు. నాకేం తొందర్లేదనుకో, ఏదో అనుభవం ఉన్నవాణ్ణి కదా అని.

"ఏం అనుభవం మెస్సోద్ మామా?"

అదిగో, అడిగాడు. నలభై రెండేళ్ల కిందట పాత తోరా వచ్చిన రోజు మోసింది నేనే. పెద్ద గొప్పేం కాదులే. పడవకీ ఒడ్డుకీ మధ్య ఒక పలక, ఇరవై అడుగులు, అంతే. కాకపోతే వాన. పదకొండు రోజులుగా ఒకటే వాన. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేత్తో తోరా. ఒంటి చేత్తోనే, పసిపిల్లని ఎత్తుకున్నట్టు భుజానికి ఆనించుకుని నడిచాను. దాని మఖమల్ తొడుగు మీద ఒక్క చుక్క పడితే ఒట్టు.

"పోయినసారి పదిహేను అడుగులన్నావు."

నది పెరిగిందిరా బాబూ, నేనేం చెయ్యను? నడుస్తుండగానే పెరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పలక విరిగింది. ఇటు పడవ లేదు, అటు ఒడ్డు లేదు, కాలు కింద ఏదో దుంగ తగిలితే నిలబడ్డాను. దుంగ కళ్లు తెరిచింది. మొసలి. భుజం మీద తోరా ఉందిగా, భయపడే తీరిక ఎక్కడిది? తప్పుకో అన్నాను. అది తప్పుకోలా, పక్కనున్నదాన్ని పిలిచింది. అలా పదమూడు మొసళ్లు వరసగా తల వంచుకుని పడుకుంటే, వాటి వీపుల మీదుగా చెప్పులు విప్పి నడిచొచ్చాను.

"చెప్పులెందుకు విప్పావు?"

వాటికి నొప్పెయ్యదూ? ఒడ్డున చాందినీ పట్టుకుని నలుగురు నిలబడి ఉన్నారు. సెర్ఫాతి అన్నదమ్ములిద్దరు, కొట్టు సల్వదోరు, మా మిమోన్ మామయ్య. ఇప్పుడు ఎక్కడున్నారనుకున్నావ్? ఒకడు మనౌస్‌లో, ఒకడు హైఫాలో, మిగతా ఇద్దరూ మట్టిలో. ఆ రోజుల్లో శుక్రవారం సాయంత్రం ఈ వీధంతా మా దీపాలే. ఇప్పుడు రెండిళ్లలో వెలుగుతాయి. అందులో ఒకటి నాది, నేను మర్చిపోకపోతే. ఏం చెబుతున్నాను?

"చాందినీ."

ఆఁ. చాందినీ కిందకి వచ్చాం, పాడుకుంటూ మందిరానికి చేరాం. తీరా లెక్కపెడితే తొమ్మండుగురమే. పదిమంది మగాళ్లుంటే గానీ తోరా తెరిచి చదవకూడదు మాకు. దానికోసం మా నాన్న ఎన్నేళ్లు ఎదురుచూశాడని. తీరా ఒక్క మనిషి తక్కువ.

"ఎవరు తక్కువ?"

ఎవరో. ఊరెళ్లాడు. అది కాదు ముఖ్యం. నదిలోంచి గులాబీ రంగు డాల్ఫిన్ లేచింది. తెల్ల సూటు, నెత్తిన టోపీ, మీ ముసలమ్మలు చెప్పినట్టే మనిషై నడుచుకుంటూ వచ్చి పదోవాడిగా నిలబడ్డాడు. ఊపిరి తీసే రంధ్రం నడినెత్తిన ఉంటుంది కాబట్టి ఎక్కడికెళ్లినా వాడు టోపీ తియ్యడు, అదొక్కటే గుర్తుపట్టే దారి. మా మందిరంలో ఎవరం తియ్యంగా, ఇంకెవడు పట్టుకుంటాడు?

"డాల్ఫిన్ యూదుడెలా అవుతాడు మామా?"

అడిగాం. వాళ్లమ్మది మా తాతలొచ్చిన తాంజియర్ అన్నాడు, తల్లి యూదైతే బిడ్డా యూదే మాకు. ఇంకేం, తోరా తెరిచారు, నాన్న చదివాడు, ఆ గొంతు విని అవతలి ఒడ్డున కోతులు కూడా...

"పదో మనిషి రాలేదు మెస్సోదూ."

ఏంటి వదినా?

"టోపీ పెట్టుకునీ రాలేదు, పెట్టుకోకుండానూ రాలేదు. చీకటిపడేదాకా తొమ్మండుగురూ తడిబట్టల్తో కూర్చున్నారు. పడవ చప్పుడైనప్పుడల్లా మీ నాన్న గుమ్మంలోకి వెళ్లి చూసొచ్చేవాడు. చివరికి తెరవకుండానే తోరాని అలమారులో పెట్టారు. మోసింది మీ అన్న."

ఇంతమందిలో చెప్పాలా వదినా?

"నలభై రెండేళ్లుగా నువ్వు ఇంతమందిలోనే చెబుతున్నావు. మీ అన్న ఒక్కసారీ కాదనలేదు కాబట్టి నేనూ ఊరుకున్నాను."

నవ్వకు జైమె. నవ్వట్లేదా, సరే. ఔను, నేను లేను. ఒబిదుస్‌లో డాన్సుంటే వెళ్లాను. ఒక పిల్ల ఉంది. రేపటి పడవకి వెళ్దాంలే అనుకుని, నాలుగో రోజు వచ్చాను. నాన్న తలుపు తీశాడు. తిన్నావా అని అడిగాడు. ఆ పిల్ల పేరు కూడా ఇప్పుడు గుర్తులేదు, నాన్న అలా అడగడం మాత్రం గుర్తుంది.

ఆ తర్వాత ఎన్ని పండగలకి రమ్మన్నా ఆ తోరాని ఎత్తుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. చెమ్మకి అక్షరాలు రాలిపోయాక, మనుషుల్ని పూడ్చినట్టే పోయినేడు దాన్నీ పూడ్చాం, నాన్న పక్కనే. అప్పుడు అడిగి ఎత్తుకున్నాను. నేను మోసింది అదొక్కసారే, జైమె. ఆ రోజు ఎవడో ఒకడు పదోవాడిగా వచ్చుంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. నేనే ఉండాల్సింది.

అదిగో, పడవ కూత వేసింది. వెళ్లి తాడు అందుకో. వెళ్లండి, అందరూ వెళ్లండి. నేనిక్కడే కూర్చుని చూస్తాలే.

"కూర్చుంటే ఎలా? లే. ఈసారి మా తమ్ముడే మోస్తాడని మీ అన్న చెప్పే పోయాడు. నిజం నీ నోట వినాలని ఇప్పటిదాకా ఆగాను."

ఈ ముసలి చేతుల్తో మొయ్యగలనా వదినా?

"అప్పుడు ఒంటి చేత్తో మోశావుగా. ఇవాళ రెండూ పెట్టు."