ముదురు గులాబీ

మధ్యాహ్నపు ఎండ పరీక్షనాళికల్లోంచి జారి ల్యాబ్ బల్లమీద రంగు నీడలు పరుస్తోంది. ఫార్మసీ విద్యార్థిని తన నాళికను ప్రొఫెసరమ్మ కళ్ల ముందుకు ఎత్తింది.

"మేడమ్, ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తమన్నారుగా? లేత గులాబీ రావాలి. మూడుసార్లు చేశాను, ముదురుగానే వస్తోంది. షుగర్ ఎక్కువున్నట్టు. నా చెయ్యే మంచిది కాదేమో!"

ఆవిడ నాళికను అందుకుని వెలుతురులో తిప్పి చూసింది.

"నీ చేతిదేం తప్పు లేదమ్మా. ఇరవయ్యేళ్లుగా ప్రతి బ్యాచ్‌కీ ఈ రక్తమే ఇస్తున్నాను. ఎప్పుడూ లేతగానే ఉండేది."

"ఎవరిది మేడమ్?"

ఆవిడ తన మోచేతి మడతలో అంటించిన దూదిని తడుముకుంది.

"...పోనీ, లేత గులాబీ అని రాసెయ్యనా?"

"కనబడిందే రాయమని మీకు చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. రాయి తల్లీ. ఎంత బావుందో చూడు, రంగు! వచ్చే బ్యాచ్‌కి మాత్రం రక్తం నువ్వివ్వాలి."