ఊదని సన్నాయి

"అవ్వా, మస్తాను తాత వాళ్ల బ్యాండు పాటల వీడియో ఫోన్లో వచ్చిందే, దాంట్లో సన్నాయి పట్టుకున్న ముసలాయన యెవరు?"

యెవరంటావేందే పాపా, మా నాయన! నీకు ముత్తాత. సన్నాయి హుసేనప్ప అంటే ఎమ్మిగనూరు నుంచి గోనెగండ్ల దాకా తెలీనోళ్లు లేరు. దూదేకులోళ్లం గదా మనం, ఉత్తప్పుడు దూది ఏకేది, ముహూర్తాలొస్తే మేళం పట్టేది. దర్గాలో గంధానికీ ఆయనే, గుళ్లో తేరుకూ ఆయనే. పావలాకు దోశ వచ్చే కాలం అది. పావలా కాదులే, ఇరవై పైసలు. నా పెండ్లినాటికి పావలా అయ్యింది. ఆ దోశ ఇప్పుడు... సరే, దోశ మాటెందుకు.

మస్తాను నా వెనక పుట్టినోడు. నాయన వానికి బాగా నేర్పినాడు సన్నాయి. ఎనభైల్లోకి వచ్చినాక జనాలకు సినిమా పాటలు కావాల్సొచ్చె. మేళం పిలిచేవాళ్లు తగ్గినారు. వీడు బెంగుళూరు పోయి కీబోర్డు తెచ్చినాడు. ఆదోనిలో నలుగురు పిల్లోళ్లను కూడేసి, అందరికీ ఎర్రసొక్కాలు కుట్టించి, ఎలక్ట్రానిక్ బ్యాండు అని పేరు పెట్టినాడు. డోలు లేదు, తాళం లేదు, మీట నొక్కితే అదే దబదబా కొట్టుకుంటాది. నేనప్పుడు ఆదోని మిల్లులో పత్తి ఏరతాంటి. మీ తాత పోయినాడు, సంకలో మీయమ్మ. పనికి పోతా పోతా వాళ్ల వాయింపు ఇంటాంటి. అబద్ధం యెందుకు, బాగనే ఉండె.

ఆ పొద్దు ఊరూరా వీడియో కొట్లు పెట్టినారు గదా. మస్తానుకు ఒక ఆలోచన పుట్టె. వాళ్లు కట్టిన పాటలన్నీ బొమ్మలు తీసి ఒక క్యాసెట్టు మీదికి ఎక్కిస్తే, కొట్టుకొచ్చినోళ్లు సూసి పెండ్లిళ్లకు పిలుస్తారని. ఒక పాట మార్కెట్లో పత్తి బేళ్ల మీద ఎగురుతా తీసినారు. ఒకటి మన వీధిలో, మగ్గాలోళ్లు పడుగులు సాపుకుంటారే, ఆడ. ఆఖరి పాట ఆదోని కోట కొండ మీద. దాంట్లో నాయన ఉండాలని వీని పట్టు.

నాయన ఒప్పుకుంటేనా? "దేవుడన్నా ముందరుండాల, పెండ్లికూతురన్నా ఉండాల. ఉత్తపుణ్యానికి నేను ఊదను" అన్నాడు.

"నాయనా, ఊదొద్దులే. పట్టుకోని నిలబడు. సౌండు నేను సూసుకుంటా."

"అయితే నన్నెందుకు? ఒక కట్టెకు పంచె కట్టి నిలబెట్టు."

మాయమ్మ కలగజేసుకొని "కొడుకు అడుగుతాండాడు, నిలబడితే నీ సొమ్మేం పోతాది" అంటే లేసినాడు. నేనూ పోతి కొండ మీదికి, అన్నం మూట ఎత్తుకోని. కెమెరా ఆయన గుంతకల్లు నుంచి వచ్చినాడు. నాయన యేం సేసినాడో తెలుసునా? సన్నాయి మొనకుండే పీక ఊడదీసి జేబులో యేసుకున్నాడు. యాడ పొరపాటున ఊపిరి తగిలి పలుకుతాదో అని! అంత నియమం. నియమం అని ఊరంతా అంటారు, నేను పంతం అంటా. ఆడనే టేపురికార్డరుండె పాపా, పాటలు ఇనిపిస్తా బొమ్మ తీసేదానికి. ఒక్కతూరి ఊదింటే సాలు, దాంట్లోకి ఎక్కిపోయేది. ఆయప్ప ఊదలా, మేమూ గట్టిగా అడగలా.

క్యాసెట్టు అయ్యింది. వీడియో కొట్టులో పెట్టినారు, వీధి వీధంతా వచ్చె. నాయన ముందర బెంచీ మీద కూసున్నాడు తలగుడ్డ సుట్టుకొని. ఆఖరి పాట వచ్చె. తెర మీద నాయన బుగ్గలు ఉబ్బుతాండాయి, వేళ్లు ఆడతాండాయి, సౌండేమో కీబోర్డుది. కీచు కీచుమని, పిల్లోళ్ల బొమ్మలోంచి వచ్చినట్టు. యెవడో ఎనకనుంచి కేకేసినాడు, "హుసేనప్పా, ముసలితనంలో నీ సన్నాయికి డిస్కో పట్టిందే!" అంతా నవ్విరి. మస్తాను గూడా నవ్వినాడు, మెచ్చుకుంటాండారనుకున్నాడు వాడు.

నాయన నవ్వలా. లేసి, తలగుడ్డ దులుపుకొని, "నా మూతి పెట్టి యెవుడో పలికినాడు" అన్నాడు. అంతే. ఇంటికి పోయినాడు.

దాని తర్వాత యేమాయెనంటే, ఆలూరులో ఒక పెండ్లికి పోతే, పెండ్లోళ్లు "ఆ క్యాసెట్టులో మాదిరి వాయించు పెద్దాయనా" అన్నారంట. తాళి కట్టేదాకా వాయించి, బువ్వ గూడా తినకుండా వచ్చినాడు. మళ్లీ పెండ్లికి పోలా. గుళ్లో మాత్రం వాయించె, అదీ కొన్నాళ్లే.

మస్తానుకు అప్పుడు బుద్ధొచ్చె. టేపురికార్డరు ఎత్తుకొచ్చి కాళ్ల కాడ కూసున్నాడు. "నాయనా, ఒక్క రాగం." ఆయన "ఈడ పెండ్లేది?" అన్నాడు. "నా కూతురు పెండ్లికి ఊదుదువులే, అప్పుడు టేపులో పట్టుకుంటా" అన్నాడు వీడు. ఆ పాప అప్పటికి ఉయ్యాల్లో ఉండాది! ఉయ్యాల్లో బిడ్డ పెండ్లి దాకా ముసలోని ఊపిరి నిలుస్తాదా? ఇద్దరికీ ఇద్దరు, మొండిముండాకొడుకులు. నాకు ఇద్దరి మీదా కోపమే, ఇప్పటికీ. నాయన పాయె, సన్నాయి పాయె. ఇంత పెద్ద వాయిద్యగాడు వాయించింది ఒక్క ముక్క యాడా లేదు. ఉండేది ఇదొక్కటే, ఇది ఆయనది కాదు.

ఏదీ, పెట్టు సూద్దాం ఇంగోసారి. ఆ సౌండు తీసెయ్. ఇనలేను దాన్ని. తీసినావా? ఆ.

ఇదేందే... ఆ పాట దడదడా పరిగెత్తేది గదా. నాయన వేళ్లు సూడు, యెంత నింపాదిగా పోతాండాయో. ఆ సూపుడువేలు అట్ల వణికిస్తాండాడు... ఊరికే ఆడించినట్టు లేదే పాపా. ఆయప్ప లోపల్లోపల యేందో వాయించుకుంటాండాడు. నిజ్జం. ఇన్నేండ్లూ ఆ సౌండు గోలలో యెవ్వరం సూడలా.

యేం రాగమో? నాకేం తెలుసు, ఆడపిల్లకు నేర్పినారా ఆ కాలంలో? మస్తానుకు తెలుసు, వాడూ పాయె. మేళంలో వాళ్లెవరన్నా... డోలు పీరయ్య... ఆయనా పాయె కదా. ఆ వేళ్లు సూసి ఇదీ అని సెప్పేవాళ్లు ఒక్కరూ లేరే ఇప్పుడు.

అయ్యో, అయిపోయిందా? పాట అయిపోయింది, ఆయనది కాలేదు సూడు, వేలు ఇంకా పైనే ఉండాది. ఆడికే కోసేసినారు.

నువ్వు సల్లగుండు తల్లీ. నీకేదొస్తే అది అడిగినోళ్లకు ఇనిపించు, పెండ్లో దేవుడో రావాలని కూసోవద్దు. ఇంగోసారి పెట్టు. దగ్గరికి పట్టుకో, నాకు సరిగ్గా కనపడ్డంలే...