నడుము నొప్పి కాదన్న నింపాది సారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీ ఉదయం ఆరోగ్య మంత్రిత్వ శాఖ గణాంక విభాగంలో జూనియర్ అసిస్టెంటుగా చేరిన నింపాది సారు, ముప్పై ఆరేళ్ల సేవ ముగించుకొని, మానసిక ఆరోగ్య విభాగం ఉపకార్యదర్శిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారికి తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతాల పట్టీలో భద్రంగా ఉంది. మేము పెట్టుకున్న పేరు మాత్రం ఇదే. కొంప అంటుకుందని చెప్పినా "నింపాదిగా చూద్దాం" అంటూ లేచి, అందరికంటే ముందు నీళ్ల బకెట్టు అందుకునే పెద్దమనిషికి ఇంతకంటే తగిన పేరు మాకు తోచలేదు.

చేరిన ఆరేళ్లకు వారిని మానసిక ఆరోగ్య విభాగానికి బదిలీ చేశారు. ఆ రోజుల్లో అక్కడికి బదిలీ అయితే తోటివారు పరామర్శకు వచ్చేవారు. వరండా చివర, విరిగిన కుర్చీలు పడేసే గదిని ఆనుకొని, రెండు బల్లలూ ఒక బీరువా ఉండేవి. విభాగమంటే అంతే. ఆ రెండో బల్ల టైపిస్టునైన నాది. పెద్దాసుపత్రిలో మంచాలెన్ని, చినిగిన దుప్పట్లెన్ని అని ఏటా ఒకసారి అడిగి తెలుసుకోవడమే దేశ ప్రజల మనశ్శాంతి పట్ల మేము నిర్వర్తిస్తున్న మహత్తర బాధ్యత. సారు వచ్చిన వారంలోనే, ఆ దుప్పట్లేవో స్వయంగా చూసొస్తానని బయలుదేరారు. జబ్బు నయమై ఇంటికి వెళ్లినా, మందు తమ ఊళ్లో దొరకక మళ్లీ మళ్లీ అదే వార్డుకు చేరుతున్నవారితో పొద్దంతా మాట్లాడి వచ్చారు. జ్వరానికి మందిచ్చే చోటే మనసుకూ మందివ్వాలన్న మాట వారి నోట నేను మొదటిసారి విన్నది ఆ సాయంత్రమే.

నాటి నుంచి ఏ నిబంధన రాయవలసి వచ్చినా వారిది ఒకటే పద్ధతి. ముందుగా ఏదో ఒక ఆసుపత్రికి వెళ్లి, తామెవరో చెప్పకుండా, చీటీ కోసం వరుసలో నిలబడి, మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చునేవారు. తిరిగివచ్చి రాసినదాన్ని ఇంటికి తీసుకువెళ్లి, లెక్కల టీచరైన తమ ఇల్లాలికి చదివి వినిపించేవారు. ఆవిడ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూనే వినేవారట. "అంతా బానే ఉంది గానీ, ఇందులో మనిషేడండీ?" అని ఆవిడ ఒక్క ప్రశ్న వేస్తే చాలు, మర్నాడు ఆ పేరా మళ్లీ మొదటికి వచ్చేది. అదే పేరాను పదేపదే టైపు కొట్టినవాణ్ణి గనుక, ఆ అమ్మగారి మీద నాకు అప్పట్లో కాస్త గుర్రుగా ఉండేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఎనిమిదేళ్ల క్రితం జాతీయ మానసిక ఆరోగ్య విధానం ముసాయిదా కమిటీకి వారిని కన్వీనరుగా నియమించారు. జీవితమంతా ఎదురుచూసిన పని చేతికి వచ్చిన ఆ ఏడాదే సారు క్రమంగా మాటలు తగ్గించారు. ఫైలు తెరిచి ఒకే పుటను గంటల తరబడి చూసేవారు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని, కలపకుండానే లేచిపోయేవారట. అదంతా వారి నింపాదితనమే అనుకున్నాం. మానసిక ఆరోగ్యం గురించి ఊరూరా కరపత్రాలు పంచిన మేము, మా మధ్య కూర్చున్న మనిషి కుంగిపోతున్న సంగతి కనిపెట్టలేకపోయాం. దీపం కింద చీకటి అంటారే, అది మేమే. కనిపెట్టింది వారి ఇల్లాలు. ఆవిడే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లారు.

నాలుగు నెలల సెలవుకు కారణం నడుము నొప్పి అని మా విభాగం డైరెక్టరు గారు ఆఫీసంతా చెప్పించారు. వారి మేలు కోరే చెప్పించారు. వచ్చిన చిక్కల్లా సారు కుమార్తెతోనే. ఫిజియోథెరపిస్టుగా అప్పటికే ప్రాక్టీసు పెట్టిన ఆ అమ్మాయి చేతుల మీదుగానే మా కార్యాలయంలో సగం నడుములు బాగుపడ్డాయి. "మా నాన్న నడుముకేం అంకుల్, రాయిలా ఉంది" అని నాతో అననే అంది.

సెలవు ముగిశాక జరిగిన మొదటి సమావేశానికి ముందు డైరెక్టరు గారు సారును పిలిచి, నా ఎదుటే నచ్చజెప్పారు. "చూడండీ, అసలు సంగతి బయటపడితే మిమ్మల్ని కన్వీనరుగా ఉంచడం నా వల్ల కాదు. నడుము నొప్పనే ఉండనివ్వండి, మీకు పుణ్యముంటుంది." సారు సరేననలేదు, కాదనలేదు.

సమావేశ వివరాలు రాసుకోవడానికి నేనూ ఓ మూల కూర్చున్నాను. ఆ రోజు తేలవలసిన విషయం ఒకటే. ప్రతి చిన్నాసుపత్రిలోనూ మానసిక రోగాల మందులు ఉంచాలా, అక్కర్లేదా? డాక్టర్లు ఉండాలన్నారు. ఆర్థిక శాఖ అధికారి పెదవి విరిచారు. "అసలు ఈ జబ్బుకి ఇంటి పక్క ఆసుపత్రికి ఎవరొస్తారండీ? నలుగురూ చూస్తారని మొహం చాటేస్తారు గానీ. మందులన్నీ మూలపడి పాడైపోతాయి." డైరెక్టరు గారు ఆ అంశాన్ని వాయిదా వేయబోతుండగా సారు గొంతు సవరించుకున్నారు.

"నింపాదిగా ఒక్క మాట చెప్పనివ్వండి. నా నడుము భేషుగ్గా ఉంది. దెబ్బతిన్నది మనసు. నాలుగు నెలలుగా మందు వాడుతున్నాను, ఇంకా వాడాలి. మా వీధి చివర ఆసుపత్రిలో ఆ మందు లేదు. ఉండుంటే ఇంత ముదిరేది కాదు. ఎవరొస్తారని అడిగారు కదా. నేనొస్తాను."

రోగుల కుటుంబాల తరఫున వచ్చిన ఒక పెద్దావిడ నోరు విప్పారు. "మా పిల్లాడికి పదేళ్లుగా గ్యాసు నొప్పే, బాబూ. చుట్టాలందరికీ అదే చెప్పుకొచ్చాను. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. మేమూ వస్తాం, రాసుకోండి." అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి, కొంగుతో కళ్లొత్తుకున్నారు. ఆర్థిక శాఖ అధికారి ఇక అడ్డు చెప్పలేదు.

ఆ నిబంధన నెగ్గింది. సారు నెగ్గలేదు. కన్వీనరు పదవి మరో వారంలో వేరొకరికి వెళ్లింది, రావలసిన పదోన్నతి మూడేళ్లు ఆలస్యమైంది. ఈ విషయంలో నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు, అభినందన సంచికలో ఉండకూడని మాటైనా రాస్తున్నాను. సారు మాత్రం బల్ల చివర మామూలు సభ్యులుగా కూర్చుని ముసాయిదా పూర్తయ్యేదాకా పనిచేశారు. నేడు ఆ మందులు చాలా ఊళ్లలో దొరుకుతున్నాయి. దొరకని ఊళ్ల గురించి మొన్నటిదాకా రోజుకొకసారి ఫోనులో ఎవరినో ఒకరిని సతాయిస్తూనే ఉన్నారు.

ఈ ఉదంతం రాయవచ్చునా అని అడగడానికి వారి ఇంటికి వెళ్లాను. "నిరుడే అమ్మాయి పెళ్లి చేశారు. వియ్యాలవారు కూడా చదువుతారు సార్" అన్నాను. సారు ఇల్లాలి వంక చూశారు. "మీరు రాయండి అన్నయ్యగారూ. వియ్యపురాలికి నా చేత్తో నేనే ఇస్తాను" అన్నారు ఆవిడ. సారు నా వైపు తిరిగి, "రాయవయ్యా. ఇప్పుడు దాస్తే ఇన్నేళ్లూ నేను చేసిందేమిటి?" అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి.

కాబట్టి ఇటువంటి వ్యాసాలను ఆయురారోగ్యాలన్న ఒక్క మాటతో ముగించే ఆనవాయితీని పక్కనబెట్టి, మా కోరికను విడమరచి చెబుతున్నాను. సారూ, మీరు వేసుకోవలసిన మాత్రను ఒక్క పూటైనా మానకుండా, వేళకు తిని కంటినిండా నిద్రపోతూ, ఇల్లాలితో, కుమార్తెతో, అల్లుడితో నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి. ఎప్పుడైనా మనసు బరువెక్కితే, నింపాదిగా చూద్దామనుకోకుండా ఆ క్షణమే మాలో ఎవరికో ఒకరికి ఫోను చేయండి. ఎత్తే పూచీ మాది.