శుక్రవారం వెలిగిన లైట్లు

"నేను చేసిందేం లేదయ్యా. పోయిన శుక్రవారం వచ్చిన ఫారిన్‌వాళ్ళకి ల్యాబ్ చూపించాను, అంతే," అని మొదలుపెట్టాడు సంతకాల సారు.

యూనివర్సిటీ గేటు పక్కన టీ బడ్డీ. బల్ల మీద ఆయన, ఎదురుగా లైబ్రరీ అటెండరు, బస్సు డ్రైవరు. ఈ చివర నేను. బయటి దేశాల యూనివర్సిటీలతో ఒప్పందాలు కుదిర్చే పని ఆయనది. సంతకాల సారన్న పేరు వీళ్ళు పెట్టిందే. నా కూతురు రెండో అంతస్తు ల్యాబ్‌లో పరిశోధన చేస్తోంది. బయటికొస్తుందని పొద్దుటినుంచీ కూర్చున్నాను. నా టీ చల్లారిపోయింది.

"ఒక్క ఒప్పందానికని వచ్చారా, లిఫ్ట్ ఎక్కించాను. రెండో అంతస్తు చేరేలోపు మూడయ్యాయి. వరండా దాటేసరికి పదకొండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సంతకాలు పెట్టీ పెట్టీ వాళ్ళ పెద్దాయన వేళ్ళు వాచిపోయాయి. మిగతావి ఎడమచేత్తో పెట్టాడు, పాపం."

"ఎడమచేతి సంతకం చెల్లుతుందా సార్?" అన్నాడు డ్రైవరు.

"నా ముందు పెడితే చెల్లుతుంది. అందులో ఒకావిడ నా పాఠం వినాలంది. సరే అని ఐదు నిమిషాలు చెప్పాను. పైన ఫ్యాను తిరగడం ఆపి మరీ విందయ్యా."

"కరెంటు పోయుంటుంది," అన్నాడు అటెండరు.

"పోతే లైట్లెలా వెలిగాయోయ్? అసలు సంగతే అది. ఫొటోలకి ఫోకస్ లైట్లు తెచ్చారు, పెట్టడానికి ప్లగ్ పాయింటు లేదు. అందరూ బొమ్మల్లా నిలబడ్డారు. నేను చూశాను. ల్యాబ్ మూల పెద్ద ఫ్రీజరు, దాని వెనక ఉంది పాయింటు. ఎవర్నీ పిలవలేదు, ఈ చేత్తోనే దాని ప్లగ్గు లాగి లైట్లది పెట్టాను. ఆ వెలుగు ఎంతనుకున్నారు? పైన పోతున్న విమానం, రన్‌వే కాబోలనుకుని చక్రాలు దించేసింది."

అందరూ నవ్వారు. టీ కాచే ఆయన కూడా.

ఆ మూల ఫ్రీజరు నా కూతురు వాడేదే. సోమవారం ల్యాబ్ తెరిస్తే ఫ్రీజరు ఆడుతూనే ఉంది, కింద నీళ్ళు. నాలుగేళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఆరువందల పన్నెండుమంది బాలింతల దగ్గర నా కూతురు తెచ్చుకున్న రక్తం లోపల పాడైంది. తలుపు సరిగ్గా వెయ్యలేదని సంజాయిషీ అడిగారు. "వేశానమ్మా, నాకు గుర్తే" అంది రెండు రోజులు. మూడో రోజు, "వెయ్యలేదేమో" అంది. ఇవాళ తప్పు ఒప్పుకుని, మానేస్తానని విచారణ కమిటీకి రాసిస్తానంది.

"ఆ ఫ్రీజరు ప్లగ్గు మళ్ళీ ఎప్పుడు పెట్టారు సార్?" అన్నాను.

"నేను మర్చిపోయే మనిషినా అమ్మా? సోమవారం పొద్దున్నే లైట్లు విప్పించి, నేనే పెట్టాను."

"మధ్యలో శనివారం, ఆదివారం ఉన్నాయి సార్. అందులో నా కూతురి నాలుగేళ్ళున్నాయి. ఇప్పుడు చెప్పిందే కమిటీకి చెప్పండి."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఏదో నలుగురూ నవ్వుతారని కోస్తాం తల్లీ. విమానం దిగిందంటే నమ్ముతామా? ఇదీ అంతే. నేనసలు ఆ ల్యాబ్ గడప తొక్కలేదు."

అటెండరు వైపు చూశాను. డ్రైవరు వైపు చూశాను. ఒకరు వాచీ చూసుకున్నారు, ఒకరు బస్సు వైపు నడిచారు.

గేటులోంచి నా కూతురు వస్తోంది. చేతిలో ఏమీ లేదు.

"ఇచ్చేశానమ్మా," అంది. "సంతకం పెట్టేశాను."