దొర డబ్బల మూడు ఓట్లు

యాభై ఏడు ఎలక్షన్లలో దొర ఓడిపోయాడన్న కబురుతో అతను నల్గొండ నుంచి పోచంపల్లి చేరేసరికి పొద్దు వాలుతోంది. నెల రోజులు మగ్గం ఎక్కకుండా దొర వెంట తిరిగిన మొగుణ్ణి ఆమె కండెలు చుడుతూనే చూసింది. ఆమెకు జాలి కలగలేదు.

"మన కులపోళ్ళే ముంచిన్రు."

"గెలిచినాయన మన కులమా ఏంది?"

"ఎండకు జనం బయటికి రాలే."

"ఎండ మీ దొరకొక్కనికే కొట్టిందా?"

"నవ్వకు. మన ఊర్ల మగోళ్ళ ఓట్లతోని దొర గుర్తు అంటించిన డబ్బ నిండింది. ఆడోళ్ళు వేరే గదిల ఏసినకాడ దొర డబ్బల మూడే ఓట్లున్నయి. రేపు పిలిచి అడుగుతడు. ఏం జెప్పాలె?"

"మీటింగుల ఆయన ఏమన్నడో నీకు యాదికి లేదా?"

"ఏమన్నడు?"

"'ఆడోళ్ళనేం అడిగేదున్నది, మొగడు చెప్పినకాడ ఏస్తరు' అన్నడు. అందరికన్న ముందు నువ్వే సప్పట్లు గొట్టినవ్. మేమంత గోడ పక్కన నిలవడి విన్నం."

అతను తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అంటే, నువ్వు గూడ దొరకు ఎయ్యలేదా?"

"నేనొక్కదాన్నేనా? వాడకట్టు వాడకట్టే ఎయ్యలే."

"మా అవ్వయితె ఏసుంటది. ఓటుకు నేనే బండి కట్టి తీస్కపోయిన గద!"

"ఓట్లేసే బడి దాకా నువ్వే తీస్కపోయినవ్. లోపట డబ్బల కాడికి అత్త ఒక్కతే నడిచింది."